91వ కీర్తన చదవండి, 108కి కూడా ఫోన్ చేయండి

పోస్టు కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి. విషయం బైబిల్ గురించే అయినా చర్చికి వెళ్లని మనవాళ్లు కూడా చదవాలని నా మనవి. పాము, జ్వరం, గోదావరి వరద, ఈ మూడూ ఎవరు ఏ పండుగ చేసుకుంటారో చూసి రావు కదా.

వానలు మొదలైతే మన ఏజెన్సీ చర్చిల్లో, ఇంటి ప్రార్థనల్లో ఒక కీర్తన ఎక్కువగా వినపడుతుంది. 91వది. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. రాత్రి పూట భయం, చీకట్లో తిరిగే తెగులు, కాలికింద పాము. ఎక్కడో దూరదేశంలో రాసినా, చర్ల దగ్గరో చింతూరు దగ్గరో గూడెంలో కూర్చుని రాసినట్టే ఉంటుంది. తలుపుల మీద స్టిక్కర్లు చూస్తాం, ఫోన్ స్టేటస్‌లో చూస్తాం. పసిపిల్ల ఉయ్యాలకు కట్టిన చిన్న గుడ్డసంచిలో ఆ కీర్తన రాసి మడిచిన కాగితం కూడా నేను చూశాను. పిల్లల మీద ప్రేమతో చేసేదే అది. దాన్ని ఎగతాళి చేయడానికి నేను ఈ పోస్టు రాయడం లేదు.

నా అభ్యంతరం ఒక్క మాట మీద. పాము కరిచిన మనిషిని పక్కన పెట్టుకుని "ముందు ప్రార్థన చేద్దాం, తగ్గకపోతే అప్పుడు ఆసుపత్రికి తీసుకుపోదాం" అంటారే, ఆ మాట. దానికి బైబిల్లో ఆధారం లేదని నేను అంటున్నా. దేవుడు తన ప్రజలను కాపాడతాడని నేనూ నమ్ముతాను. అయితే ఏ విధంగా కాపాడాడో ఆ పుస్తకంలోనే చూసి మాట్లాడుకుందాం.

మొదట ఆ కీర్తన సంగతే. బైబిల్ మొత్తంలో 91వ కీర్తనను ఎత్తి చూపి ఒకరితో వాదించింది ఎవరో గుర్తుందా? సాతాను. మత్తయి 4వ అధ్యాయం తీయండి. యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకు, దూతలు నిన్ను పట్టుకుంటారని రాసి ఉంది కదా అంటాడు. వాడు చెప్పిన వాక్యం నిజమైనదే, మన స్టిక్కర్ల మీద ఉన్నదే. యేసు దూకలేదు. దేవుణ్ణి పరీక్షించకూడదని ద్వితీయోపదేశకాండంలోని మాట చెప్పి ఊరుకున్నాడు. మెట్లు ఉండగా దూకి, దేవుడు పట్టుకోవాలనడం విశ్వాసం కిందకి రాదని అక్కడే తేలిపోయింది. మరి 108 బండి ఉండగా, ఆసుపత్రిలో మందు ఉండగా, మనిషిని చాప మీద పడుకోబెట్టి దేవుడే చూసుకుంటాడు అనేది దేని కిందకి వస్తుంది? మన పాస్టర్లలో తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లను అడగండి.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. ప్రార్థన చేస్తే బతికినవాళ్లను మేం కళ్లారా చూశాం కదా అని. నిజమే, చూసే ఉంటారు. మంత్రం వేయించుకుని బతికినవాళ్లను, పసరు తాగి బతికినవాళ్లను కూడా చూసే ఉంటారు. కారణం ఏమిటంటే మన అడవిలో తిరిగే పాముల్లో ఎక్కువ రకాలకు మనిషిని చంపే విషం లేదు. విషం ఉన్న పాము కూడా ఒక్కోసారి కోర దింపి విషం వదలకుండా పోతుంది. అలాంటి కాటు పడినవాడు ఏం చేసినా బతుకుతాడు, ఏమీ చేయకపోయినా బతుకుతాడు. పేరు మాత్రం ఆ రాత్రి పక్కన ఎవరుంటే వాళ్లకు వస్తుంది. అసలు పరీక్ష కట్లపాము, నాగుపాము, రక్తపింజర, చిన్నపింజర కరిచినప్పుడు. మన దేశంలో దొరికే విషవిరుగుడు సూది ఈ నాలుగింటి విషానికీ కలిపి తయారుచేసిందే. వీటికి దాన్ని మించిన మందు ఇంతవరకూ లేదు.

కట్లపాము గురించి కొంచెం విడిగా చెప్పాలి. రాత్రి నేలమీద పడుకున్నవాళ్లనే అది ఎక్కువగా కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, వాపు ఉండదు, చాలాసార్లు కాటు గుర్తు కూడా కనపడదు. చీమో పురుగో కుట్టిందనుకుని మళ్లీ పడుకుంటారు. కొందరికి కడుపులో నొప్పి వస్తుంది, తిన్నది పడలేదనుకుంటారు. తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగుడు పడదు, తర్వాత ఊపిరి ఆడదు. నేను డిగ్రీలో ఉన్నప్పుడు మా వైపు గూడెంలో ఒక పిల్లవాడికి అచ్చం ఇలాగే జరిగింది. అర్ధరాత్రి నుంచి కోడి కూసేదాకా ఇంట్లో ప్రార్థన నడిచింది. మధ్యలో పసరు పోసే ఆయన కూడా వచ్చి వెళ్లాడు. రెప్పలు వాలాక బండి మాట్లాడారు. దారిలోనే పోయాడు. అది ఒక బాధ. మూడో రోజు ఇంటికి వచ్చిన ఒక పెద్దమనిషి ఆ తల్లితో "అమ్మా, విశ్వాసం కొంచెం తక్కువైంది" అన్నాడు. అది ఇంకో బాధ. మొదటిదానికి తెలియనితనం కారణం అనుకుందాం. రెండోదానికి ఏం పేరు పెట్టాలో నాకు తెలియట్లేదు.

పాము, ప్రార్థన అంటే కొందరు వెంటనే సంఖ్యాకాండం 21 చెబుతారు. అరణ్యంలో పాములు కరిచి ప్రజలు చస్తుంటే మోషే ఇత్తడి పామును స్తంభం మీద ఎత్తాడు, చూసినవాళ్లు బతికారు. అవును. అయితే ఆ ఇత్తడి పాము కథ అక్కడ ఆగలేదు, చాలామంది చదవని భాగం 2 రాజులు 18లో ఉంది. కొన్ని వందల ఏళ్ల తర్వాత కూడా జనం ఆ ఇత్తడి ముక్కను దాచుకుని దానికి ధూపం వేస్తూ ఉన్నారు. హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు. ఒకనాడు దేవుడు చేయమన్నదే, మోషే చేతితో చేసిందే, అయినా తాయెత్తు అయిపోయాక పగలగొట్టారు. అదే హిజ్కియాకు తర్వాత చావుపుండు లేచింది. గోడ వైపు తిరిగి ఏడ్చి ప్రార్థన చేశాడు. దేవుడు విన్నాడు, ఇంకో పదిహేనేళ్లు ఆయుష్షు ఇస్తానన్నాడు. ఆ మాట తెచ్చిన యెషయా ప్రవక్తే అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించాడు. ప్రార్థనకు జవాబు దొరికాక కూడా కట్టు కట్టారు. మన పసరువైద్యులకు ఈ వాక్యం చూపిస్తే సంతోషిస్తారేమో గానీ, పుండు వేరు, పాము విషం వేరు అని కూడా చెప్పండి.

పౌలును మెలితే ద్వీపంలో పాము పట్టిన సంగతి కూడా చెబుతారు. కట్టెలు ఏరి మంటలో వేస్తుంటే మోపులోంచి వేడికి పాము బయటికి వచ్చి చెయ్యి పట్టుకుంది. అడవికి కట్టెలకు పోయే మన అమ్మలకు ఈ దృశ్యం బాగా తెలుసు. పౌలు దాన్ని దులిపేశాడు, ఏమీ కాలేదు. నేను నమ్ముతాను. అయితే పౌలు ఆ తర్వాత పాము కరిస్తే మందు వద్దు అని ఏ సంఘానికీ ఉత్తరం రాయలేదు. తిమోతికి కడుపు జబ్బుకు ఏం పుచ్చుకోవాలో రాశాడు. రోగిగా ఉన్న త్రోఫిమును మిలేతులో విడిచి వచ్చానని రాశాడు. త్రోఫిముకు విశ్వాసం లేదని మాత్రం అనలేదు. లూకా అనే వైద్యుణ్ణి ప్రియమైనవాడని పిలిచి వెంట పెట్టుకుని తిరిగాడు.

ఆ ద్వీపానికి వాళ్లు ఎలా చేరారో అది మన గోదావరి ఒడ్డువాళ్లు తప్పకుండా చదవాల్సిన కథ. అపొస్తలుల కార్యములు 27. ఓడలో 276 మంది. పద్నాలుగు రాత్రులు తుఫాను. మీలో ఒక్కరి ప్రాణం కూడా పోదని దేవుని దూత పౌలుకు మాట ఇచ్చాడు. అంతకంటే గట్టి వాగ్దానం ఎవరికి దొరుకుతుంది? అయినా ఓడ నడిపేవాళ్లు చిన్న పడవ దించుకుని దొంగతనంగా పారిపోబోతుంటే, వీళ్లు ఓడలో లేకపోతే మీరు బతకలేరని పౌలే శతాధిపతికి చెప్పాడు. తర్వాత అందరినీ పట్టుబట్టి అన్నం తినిపించాడు. చివరికి ఈత వచ్చినవాళ్లు ఈది, రానివాళ్లు పలకల మీద, ఓడ చెక్కల మీద ఒడ్డుకు చేరారు. వాగ్దానం అక్షరాలా నెరవేరింది, చెక్క ముక్కల మీద నెరవేరింది.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చిందని మన తాతలు ఇప్పటికీ చెబుతారు. మొదటి హెచ్చరిక 43 దగ్గర, రెండోది 48, మూడోది 53 అని మనలో చిన్నపిల్లలకు కూడా కంఠతా వచ్చు. ఆ మూడో హెచ్చరిక మీద ఇంకో పద్దెనిమిది అడుగులు లేచిందంటే లెక్క వేసుకోండి. అప్పుడు కూడా ఖాళీ చేయమంటే, దేవుడు ఉన్నాడు, మా ఇంటిదాకా రాదు అన్నవాళ్లు ఉన్నారు. వాళ్లను అనడానికి నాకు నోరు రాదు. మేకలు, కోళ్లు, వడ్లు, కట్టుకున్న ఇల్లు వదిలి బడి గదిలో పడుకోవడం ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుసు. ముంపు మండలాలవాళ్లకు ఇంకా కష్టం, 2014లో మండలాలు ఆంధ్రకు పోయాయి గానీ ఆపద వస్తే ఎక్కువమంది చూసేది భద్రాచలం ఆసుపత్రి వైపే. అయినా ఒక్క మాట. నది లెక్క కొలిచి చెప్పే మనిషిని, పడవ నడిపే మనిషిని, లారీ ఎక్కించే మనిషిని ఆ ఓడ నడిపేవాళ్ల లెక్కలో చూడండి. వాళ్లు ఉండాలనే దేవుడు ఆ ఓడ కథలో చెప్పించాడు. మన దగ్గర కోయవాళ్ల మధ్య మిషన్ పని మొదలవడానికి కూడా చొరవ తీసుకున్నది, 1860ల్లో దుమ్ముగూడెం దగ్గర గోదావరి పడవదారి పనులు చూసిన హేగ్ అనే ఇంజినీరే. పొద్దున నది లోతు కొలిచి, సాయంత్రం ప్రార్థన చేసుకోవడం మన చర్చికి కొత్తేమీ కాదు.

తెలుగు చర్చిల్లో 'రక్షణ' అంటే ఆత్మ సంగతి. ఒంటికి, ఇంటికి ఆపద రాకుండా చూడటాన్ని 'కాపుదల' అంటారు. ప్రతి ప్రార్థన చివరా వింటాం, దేవా కాపుదల దయచేయి అని. మనకు ఆ మాట ఇంకోరకంగా తెలుసు. పోడు చేలో జొన్నకో మక్కకో కంకి పట్టాక మంచె కట్టి రాత్రంతా కాపలా ఉంటాం. పందులు వస్తే డబ్బా కొడతాం, కేక వేస్తాం. 121వ కీర్తనలో నిద్రపోని దేవుడు అంటే నాకు మంచె మీద మా తాతే గుర్తొస్తాడు. అయితే బైబిల్ ఆ మంచె మీద మనల్ని కూడా ఎక్కించింది. యెహెజ్కేలు 33 చూడండి. కావలివాడు ఆపద రావడం చూసి బూర ఊదకపోతే, చచ్చినవాడి రక్తం గురించి ఆ కావలివాణ్ణే అడుగుతానన్నాడు దేవుడు. కాబట్టి ఈ గ్రూపులో చదువుకున్న మనం, ఫోన్ ఉన్న మనం, కట్లపాము గురించి తెలిసీ ఆ రాత్రి పెద్దవాళ్ల ముందు నోరు మూసుకుంటే ఎలా?

మన వయసువాడి కథ ఒకటి ఉంది, ప్రసంగాల్లో ఎందుకో పెద్దగా రాదు. అపొస్తలుల కార్యములు 23. పౌలును చంపేదాకా అన్నం నీళ్లు ముట్టమని నలభైకి పైగా మనుషులు ఒట్టు వేసుకున్నారు. ముందు రాత్రే ప్రభువు పౌలు పక్కన నిలబడి, ధైర్యంగా ఉండు, నువ్వు రోమాలో కూడా సాక్ష్యం చెప్పాలి అన్నాడు. అంటే చావడని తేలిపోయింది. మరి ఎవరు కాపాడారు? పౌలు అక్క కొడుకో చెల్లెలి కొడుకో, మేనల్లుడు. పేరు కూడా రాయలేదు. ఎక్కడో ఈ మాట విన్నాడు, కోటలోకి వెళ్లి మామకు చెప్పాడు. నాకు దేవుడు మాట ఇచ్చాడులే, నువ్వు పో అనలేదు పౌలు. వెంటనే శతాధిపతిని పిలిచి, ఈ కుర్రవాణ్ణి సహస్రాధిపతి దగ్గరకు తీసుకెళ్లండి అన్నాడు. ఆ అధికారి కుర్రవాడి చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లి మొత్తం విన్నాడు. ఆ రాత్రే 470 మంది సైనికుల కాపలాతో పౌలును కైసరయకు పంపించారు. మనలో మేనల్లుడు అంటే ఎంత దగ్గరో తెలుసు కదా. దేవుడు మాట ఇచ్చాడు, మేనల్లుడు పరిగెత్తాడు. ఆ మేనల్లుడి పని ఇక్కడ మనదే. పెద్దల ప్రార్థనను ఆపమని నేను అనడం లేదు. వాళ్లు ప్రార్థన చేస్తూ ఉంటారు, మనం బండి తెస్తాం. బండిలో కూడా ప్రార్థన చేయవచ్చు, ఎవరూ వద్దనరు.

అయినా కొందరు చనిపోతారు. ఇది దాచకూడదు. అదే పుస్తకం 12వ అధ్యాయంలో హేరోదు యాకోబును కత్తితో చంపించాడు, ఆ వెంటనే పేతురును పట్టుకుంటే దూత వచ్చి చెరసాలలోంచి బయటికి నడిపించాడు. ఒకే సంఘం, ఒకే దేవుడు. యాకోబుకు విశ్వాసం తక్కువని లూకా రాయలేదు. హెబ్రీయులకు 11లో కూడా కత్తిని తప్పించుకున్నవాళ్లూ, కత్తితో చచ్చినవాళ్లూ ఒకే వరుసలో ఉన్నారు. అగ్నిగుండం ముందు నిలబడ్డ షద్రకు, మేషాకు, అబేద్నెగో అయితే, మా దేవుడు కాపాడగలడు, ఒకవేళ కాపాడకపోయినా నీ బొమ్మకు మొక్కం అని రాజుకే చెప్పారు. పిల్లవాణ్ణి పోగొట్టుకున్న తల్లికి చెప్పాలంటే ఈ వాక్యాలు ఉన్నాయి. విశ్వాసం తక్కువైంది అనే వాక్యం ఆమె కోసం ఎక్కడా లేదు.

ఇంకో సంగతి, ఇది కొంతమందికి నచ్చకపోవచ్చు. మనం కాపుదల అని ప్రార్థన చేసేటప్పుడు "మన ప్రజలు" అంటే ఎవరు? 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన గుత్తికోయలు మన అడవుల్లో గుంపులు వేసుకుని ఉన్నారు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఆ సాయుధ దండు పద్ధతి చెల్లదని చెప్పింది గానీ వచ్చినవాళ్ల గుడిసెలు ఇక్కడే ఉండిపోయాయి. చాలా గుంపులకు దారి లేదు, 108 చివరి దాకా పోదు. మంచానికి కర్ర కట్టి నలుగురు మోసుకుంటూ వాగు దాటించాలి. వాళ్ల మాట మన కోయకు దగ్గరే, మనం అర్థం చేసుకోగలం, ఆసుపత్రిలో డాక్టరుకు చెప్పలేక వాళ్లు పడే బాధను మనం తీర్చగలం. వీళ్లు మన భూమికి పోటీ అని మన ఊళ్లలో కొందరు అంటారు. ఆ గొడవ వేరు, దాన్ని కూర్చుని మాట్లాడుకోవాలి. పాము కరిచిన రాత్రి దాన్ని తీయకండి. ఐగుప్తులో మీరూ పరదేశులుగా ఉన్నారు, పరదేశిని బాధపెట్టకండి అని ఇశ్రాయేలుకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కపెట్టి చూడండి.

ఇక పని మాట. కొత్త ఇల్లు కడితే పైనుంచి ఎవరూ పడకుండా మిద్దెకు పిట్టగోడ కట్టమని ద్వితీయోపదేశకాండం 22లో ఆజ్ఞ ఉంది. మన ఇళ్లకు మిద్దెలు తక్కువ గానీ మన పిట్టగోడ దోమతెర. మంచం మీద పడుకుని దాన్ని పరుపు కిందకో చాప కిందకో దోపితే మలేరియా దోమా రాదు, కట్లపాము కూడా లోపలికి రాదు. మంచం లేకపోతే నేలమీద అయినా తెర దోపుకుని పడుకోండి. రాత్రి బయటికి పోతే టార్చి, కాలికి చెప్పు. కరిస్తే ధైర్యం చెప్పండి, నడిపించవద్దు, కడియాలు, ఉంగరాలు, పట్టీలు తీసేయండి, కరిచిన చెయ్యి లేదా కాలు కదలకుండా కర్ర ఆనించి వదులుగా కట్టండి. తాడు బిగించవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు, పామును పట్టడానికి పోవద్దు. వాంతి వస్తుంటే, మగతగా ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఆసుపత్రిలో రక్తం గాజు గొట్టంలో పోసి ఇరవై నిమిషాలు ఆగమంటారు, గడ్డకడుతుందో లేదో చూడటానికి అది. ఏమీ చేయకుండా కూర్చోబెట్టారని గొడవపడకండి. జ్వరం వస్తే రెండో రోజు దాకా ఆగకుండా ఆశా అక్క దగ్గర కిట్టు పరీక్ష చేయించండి. మోషే పుట్టినప్పుడు పిల్లల్ని కాపాడింది షిఫ్రా, పూయా అనే ఇద్దరు మంత్రసానులు. మన ఆశా అక్కలను ఆ వరుసలో చూడమని మన పాస్టర్లకు ఒకసారి గుర్తు చేయండి.

ఈ ఆదివారంలోపు ప్రతి మండలం నుంచి ఒకరు ముందుకు రావాలి. మీ పీహెచ్‌సీకి వెళ్లి పాము విషవిరుగుడు సూది ఇప్పుడు ఉందా, రాత్రి డ్యూటీలో ఎవరుంటారు, లేకపోతే ఎక్కడికి పంపుతారు అని అడిగి ఇక్కడ రాయండి. మీ ఊళ్లో రాత్రి పిలిస్తే వచ్చే ఆటో ఎవరిది, సిగ్నల్ ఎక్కడ దొరుకుతుంది, వాగు పొంగితే ఏ దారి అనేది కూడా. ఆటో అన్నల నంబర్లు వాళ్లను అడిగాకే పెట్టండి. గుత్తికోయ గుంపులు దగ్గర్లో ఉన్నవాళ్లు ఆ గుంపు పేరు కూడా కలపండి. చర్ల, దుమ్ముగూడెం వైపువి నేను రాసి పెడతాను.